పంచమీ విభక్తి లేని వేగం

వాక్యంలో కారకాలు ఆరు. కర్త, కర్మ, కరణం, సంప్రదానం, అపాదానం, అధికరణం. చెట్టు నుండి ఆకు రాలింది అన్నప్పుడు చెట్టు అపాదానం. ఏది దేనిని విడిచి వచ్చిందో చెప్పేది అదే. దానికి పంచమీ విభక్తి. కంప్యూటర్ల సంగతి రాయబోతూ ఈ పంతులు విభక్తులతో మొదలుపెట్టాడేమిటని మిత్రులు నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి గాని కాస్త ఓపిక పట్టండి. డిస్కు మీద దాచిన పెద్ద పెద్ద సంఖ్యల పట్టికలు ఎంత త్వరగా కంప్యూటరులోకి ఎక్కుతాయన్న విషయం మీద ఈ మధ్య కొన్ని విద్యార్థి నివేదికలు, కొన్ని వ్యాపార ప్రకటనలు చదివాను. "ఇంత సమాచారం ఇన్ని సెకన్లలో లోడయినది" అని అన్నింటిలోనూ ఘనంగా ఉన్నది. ఎక్కడి నుండి లోడయినది? ఆ మాట దాదాపు ఎక్కడా లేదు. కర్త ఉన్నాడు, కర్మ ఉన్నది, క్రియ ఉన్నది. అపాదానం లోపించినది. అది లోపించిన వేగాన్ని వేగమని ఒప్పుకోరాదన్నదే ఈ టపాలో నా వాదం.

తెలుగు పండితునికి ఈ గొడవ ఎందుకంటారా? నేను ఉండేది ఉప్పల్‌కూ నాచారానికీ నడుమ. ఈ పరిసరాలలో పద్యాల కన్న అంకెలే ఎక్కువగా కాపురముంటున్నవి. ఉప్పల్ రోడ్డు మీద 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నది. మెట్రో వచ్చిన తరువాత ఎన్‌జీఆర్‌ఐ అన్న దాని పొట్టి పేరు ఒక స్టేషను పేరై, అక్కడ ఏం చేస్తారో తెలియనివాళ్ళ నోట కూడా నానుతున్నది. అదే రోడ్డు మీద హబ్సిగూడలో సీసీఎంబీ. డీఎన్ఏ ముద్రల కేంద్రమైన సీడీఎఫ్‌డీ మొదట నాచారంలో ఉండేది. తరువాత నాంపల్లికి తరలి, మళ్ళీ ఈ వైపుకే, ఉప్పల్‌కు వచ్చినది. పటాలు గీయడం నేర్పే సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ కూడా ఉప్పల్‌లోనిదే. భూమి వణుకు, మనిషి రక్తం, నేల కొలత, మూడూ చివరకు సంఖ్యల వరుసలై ఏదో ఒక డిస్కు మీద పడి ఉంటవి. మా వీధి పిల్లలు బీటెక్కులూ ఎమ్మెస్సీలూ చదువుతూ ఇటువంటి లెక్కల మీద ప్రాజెక్టులు చేస్తుంటారు. "సార్, భాష ఒకసారి చూడండి" అని నివేదికలు నా దగ్గరకు తెస్తుంటారు. భాష దిద్దుతూ దిద్దుతూ విషయంలోకి జారాను. పదవీ విరమణ చేసినవాడికి తీరిక ఒక్కటే ఆస్తి గదా.

పెద్ద పట్టిక అంటే ఎంత పెద్దదో ముందు ఒక అంచనా ఉండాలి. 2009లో సీసీఎంబీ శాస్త్రజ్ఞులు తంగరాజ్, లాల్జీ సింగ్ గారలు, అమెరికా నుండి డేవిడ్ రైక్ ప్రభృతులు కలిసి భారతదేశ జనసమూహాల పూర్వచరిత్ర మీద 'నేచర్' పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్ఏలో, ఒక్కొక్కరికి 5,60,123 చోట్ల అక్షరభేదాలను పరిశీలించారు. మనం దానిని ఒక పట్టికగా ఊహించుకుందాం. ప్రతి గడిలోనూ 0, 1, 2 అన్న మూడింటిలో ఒక అంకె. (తెలుగు అకాడమీ గణిత పుస్తకాలలో ఇటువంటి పట్టికకు మాత్రిక అని పేరు. ఛందస్సు చెప్పుకునేవాడికి మాత్ర అనగానే కాలం గుర్తుకు వస్తుంది. ఇక్కడ కాలం కొలవబోయేది మాత్రిక గురించి. కాకతాళీయమే గాని ముచ్చటగా ఉన్నది.) 132ను 5,60,123తో హెచ్చవేస్తే 7,39,36,236 గడులు.

ఈ ఏడుకోట్ల పైచిలుకు అంకెలు డిస్కు మీద ఎంత చోటు ఆక్రమిస్తవి? దీనికి ఒక్క సమాధానం లేదు. రాసే తీరును బట్టి ఉంటుంది. ఒక్కో గడికి ఒక అంకె, దాని పక్కన ఒక ఖాళీ, ఇలా మామూలు అక్షరాలుగా రాస్తే 14,78,72,472 బైట్లు. నంపై అనే ఉపకరణంలో అలవాటు ప్రకారం దశాంశ సంఖ్యలుగా, గడికి 8 బైట్ల చొప్పున దాస్తే 59,14,89,888 బైట్లు. జన్యుశాస్త్రజ్ఞులు ప్లింక్ అన్న ఉపకరణంలో వాడే పొదుపైన తీరు ఒకటున్నది. మూడు విలువలూ, 'తెలియదు' అన్న నాలుగవదీ కలిపి నాలుగే గనుక రెండు బిట్లు చాలు, ఒక బైటులో నలుగురు మనుషులు ఇముడుతారు. 132 మందికి సరిగ్గా 33 బైట్లు. మొత్తం పట్టికకు 1,84,84,059; ముందర గుర్తు కోసం మరో మూడు. అదే సమాచారం, అవే మనుషులు, అవే అంకెలు. 59 కోట్ల బైట్లకూ 2 కోట్ల లోపు బైట్లకూ మధ్య ముప్ఫైరెండు రెట్ల తేడా. "ఏడుకోట్ల సంఖ్యలు ఎక్కించాను" అని కర్మను మాత్రం చెప్పి, ఏ రూపంలో ఉన్నవో చెప్పకపోతే ఆ మాటకు అర్థం ఎక్కడిది?

రూపం అన్నాను గనుక మన పాత పద్ధతి ఒకటి చెప్పక తప్పదు. పూర్వులు పద్యాలలో సంఖ్యలను మాటలతో చెప్పేవారు. చంద్రుడంటే 1, నేత్రాలంటే 2, వేదాలంటే 4, బాణాలంటే 5. భూతసంఖ్యలు. పావులూరి మల్లన తెలుగులో గణితం చెప్పినప్పుడు ఆయనకు మూలమైన 9వ శతాబ్ది మహావీరాచార్యుని సంస్కృత గణితంలో ఈ మాటల పట్టికే ఉన్నది. వేద, బాణ, నేత్ర, చంద్ర అని ఒక శకవర్షం చెప్పారనుకోండి. కంటికి నాలుగు మాటలు కనబడుతవి. వాటిని అంకెలుగా మార్చాలి, ఆపైన ఒకట్ల స్థానం ముందు చెప్పారని గుర్తుంచుకుని తిరగవేయాలి. అప్పుడు గాని 1254 రాదు. చదవడం వేరు, విప్పడం వేరు. కంప్యూటరుకు అక్షరాలుగా రాసిన అంకెల దస్త్రం ఇచ్చినా ఇదే తంతు. డిస్కు నుండి అక్షరాలు వచ్చేదాకా ఒక కాలం, ఆ అక్షరాలను సంఖ్యలుగా విప్పేదాకా మరొక కాలం. చాలాసార్లు రెండవదే పెద్దది. నంపైలో ఇటువంటి దస్త్రాలను చదివే లోడ్‌టెక్స్ట్ అన్న సాధనం చాలా కాలం మందకొడిగా ఉండేది. 2022లో వచ్చిన 1.23 సంచికలో దానిని సీ భాషలో తిరగరాసి వేగవంతం చేశారు. ఆ తరువాత డిస్కులు మారలేదు, విప్పే పని మారినది. కనుక అక్షరరూప దస్త్రంతో కొలిచినవాడు డిస్కు వేగం కొలిచానంటే నేను నమ్మను. వాడు కొలిచినది తర్జుమా వేగం.

తెలుగు యూనికోడు అభిమానులకు ఇక్కడే ఒక పిట్టకథ. పైథాన్ భాషకు ౧౨౩ అని తెలుగు అంకెలు ఇచ్చి పూర్ణసంఖ్యగా మార్చమంటే చక్కగా నూట ఇరవై మూడు అని గ్రహిస్తుంది. నాకు ఎంత సంతోషమైనదో చెప్పలేను. అయితే యూటీఎఫ్-8లో మన అక్షరం ఒక్కొక్కటీ మూడు బైట్లు, అంకె కూడా అంతే. పై పట్టికను తెలుగు అంకెలలో దాస్తే గడికి నాలుగు బైట్లై 29 కోట్లు దాటుతుంది. భాషాభిమానం ఎంత ఉన్నా ఏడుకోట్ల గడులను తెలుగు అంకెలలో దాచమని నేను చెప్పను. శీర్షికలలో, పద్యసంఖ్యలలో వాడుకుందాం, మాత్రికలను వదిలేద్దాం.

ఒకట్ల స్థానం ముందా వెనుకా అన్న తగవు భూతసంఖ్యలతో పోలేదు. ఒక సంఖ్య నాలుగు బైట్లలో ఉంటే చిన్న స్థానపు బైటు ముందుంచాలా, పెద్దదానిని ముందుంచాలా అన్నది ఇప్పటికీ ఉన్న తగవే. ఇంటెల్ జాతి ప్రాసెసర్లు చిన్నదానిని ముందుంచుతవి, అంటే మన భూతసంఖ్యల దారిలో నడుస్తవి. భూగర్భ శోధనలో తరంగాల నమోదుకు 1975లో ప్రకటించిన సెగ్-వై అన్న పద్ధతి దానికి ఎదురు దారి. అందులో మొదట 3,200 బైట్ల పాఠం, తరువాత 400 బైట్ల వివరాలు, ఆపైన ప్రతి తరంగరేఖకూ ముందు 240 బైట్ల శీర్షిక. సంఖ్యలు పెద్ద స్థానం ముందుగా, ఆనాటి ఐబీఎం యంత్రాల దశాంశ రూపంలో ఉండేవి. 2017 నాటి సవరణలో గాని రెండవ దారికి అనుమతి రాలేదు. దారి తప్పి చదివితే ఏమవుతుంది? 1 అన్న సంఖ్య 1,67,77,216 అవుతుంది. శకవర్షం 1254ను 4521గా చదివినవాడు ఇంకా రాని కాలంలోని శాసనాన్ని పట్టుకున్నట్టు.

ఎన్‌జీఆర్‌ఐ వారు 1970లలో నెల్లూరు జిల్లా కావలి నుండి పడమటి తీరపు ఉడుపి వరకు, సుమారు 600 కిలోమీటర్ల పొడవున భూమి లోతులను తరంగాలతో శోధించారు. అటువంటి శోధనలు అప్పటి నుండి ఎన్నెన్నో జరిగినవి, జరుగుతున్నవి. అటువంటి నమోదులను ఈనాటి కంప్యూటరులోకి తీసుకునేటప్పుడు బైట్లు తిప్పడం, పాత దశాంశ రూపాన్ని కొత్త రూపంలోకి మార్చడం తప్పవు. ఆ కాలాన్ని లోడు కాలంలో కలపాలా వద్దా? కలిపి తీరాలని నా అభిప్రాయం. బియ్యం బస్తా గుమ్మం దగ్గర దింపినంత మాత్రాన అన్నం వండినట్టు కాదు. లెక్కకు పనికివచ్చే స్థితిలో చివరి సంఖ్య చేతికి అందినప్పుడే లోడు ముగిసినది.

ఇక మా బడిపంతుళ్ళందరికీ తెలిసిన విషయం ఒకటి, హాజరు పట్టీ. పిల్లల పేర్లు నిలువుగా, తేదీలు అడ్డంగా. ఒక పిల్లవాడు నెలలో ఎన్నిరోజులు వచ్చాడో చూడాలంటే వేలు ఒక వరుస వెంట జారితే చాలు. ఒక రోజున ఎందరు వచ్చారో చూడాలంటే ప్రతి వరుసలోనూ ఒక్కొక్క గడి ఏరుకోవాలి. కాగితం మీద రెండూ కంటికి ఒకటే. డిస్కు మీద కాదు. డిస్కు మీద పట్టిక ఒకే పొడవాటి దారంగా పరిచి ఉంటుంది. వరుసలను ఒకదాని వెనుక ఒకటి కుట్టారా, నిలువులను కుట్టారా అన్నది ముఖ్యం. 2007లో రూపొందిన నంపై దస్త్రపు పద్ధతిలో ఈ సంగతి చెప్పడానికి శీర్షికలోనే ఒక గుర్తు పెట్టారు. ప్లింక్ మామూలు పద్ధతి ఒక్కొక్క చోటుకు 132 మందిని వరుసగా పేర్చడం. అందులో నుండి ఒక్క మనిషి సమాచారం మాత్రమే కావాలంటే 5,60,123 చోట్ల ఒక్కొక్క బైటును తాకాలి. అవి 33 బైట్లకు ఒకటి చొప్పున ఉన్నవి గనుక, డిస్కు ముద్దలు ముద్దలుగానే ఇస్తుంది గనుక, ఒక్కడి కోసం మొత్తం దస్త్రం చదివినట్టే. "132 మందిలో ఒక్కణ్ణి చదవడానికి 132వ వంతు కాలం పడుతుంది" అని ఒక నివేదికలో చదివి, పక్కన ఎర్రసిరాతో 'హాజరు పట్టీ చూడుము' అని రాశాను. ఆ అబ్బాయికి అర్థం కాలేదు. వాళ్ళ కాలేజీలో హాజరు వేలిముద్రలతోనట.

ఇప్పుడు అసలు విషయం, అపాదానం.

వాచకం చదవమంటే గడగడా చదివే పిల్లలను నేను ముప్ఫై ఏళ్ళు చూశాను. వాళ్ళలో కొందరు పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా అంతే గడగడా చదువుతారు. పాఠం కంఠస్థం! అది చదవడం కాదు, అప్పజెప్పడం. అప్పజెప్పడం తప్పని నేను అనను. శతకాలు నోటికి వచ్చిన పిల్లలంటే నాకు ప్రాణం. కాని చదవడం వచ్చునో రాదో చూడవలసిన రోజున కొత్త పేజీ తీయాలి. కంప్యూటరు సరిగ్గా ఇటువంటి పిల్లవాడు. డిస్కు నుండి ఒకసారి చదివిన దస్త్రాన్ని, ఖాళీ ఉన్నంతవరకు, తన ర్యామ్‌లో అట్టేపెట్టుకుంటుంది. ఎవరూ అడగకుండానే. రెండవసారి అదే దస్త్రం అడిగితే డిస్కు మొహం చూడకుండా అప్పజెబుతుంది. అంతకన్న గడుసుతనం ఇంకొకటి ఉన్నది. ఇప్పుడే రాసి ముగించిన దస్త్రం కూడా ఆ జ్ఞాపకంలోనే ఉంటుంది. కనుక పట్టికను తయారుచేసి, డిస్కు మీద రాసి, వెంటనే చదివి కొలిచినవాడు "నేను మొదటిసారే కొలిచాను" అని ప్రమాణం చేసినా, వాడు కొలిచినది కంఠస్థపాఠమే.

మా వీధిలోని ఒక అమ్మాయి ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఈ విషయమే ఎంచుకున్నది. పైన చెప్పిన పట్టిక పరిమాణంలోనే, తోచిన అంకెలతో నింపిన 59 కోట్ల బైట్ల దస్త్రం. కాలేజీలోని యంత్రానికి పాతకాలపు తిరిగే హార్డ్‌డిస్కు. లైనక్సులో ఆ జ్ఞాపకాన్ని చెరిపివేయడానికి ఒక ఆజ్ఞ ఉన్నది గాని, దానికి యంత్రంపై సర్వాధికారం కావాలి, విద్యార్థులకు ఇవ్వరు. అందుకని ఆ అమ్మాయి ప్రతి కొలతకు ముందు యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టినది. ఇరవై సార్లు. మధ్యాహ్నమంతా దానికే పోయినది. ఆమెకు వచ్చిన కాలం 4.1 సెకన్లు. అదే యంత్రం మీద, అదే పరిమాణపు దస్త్రంతో ఆమె సహాధ్యాయి ఒకడు 0.2 సెకన్లని రాశాడు. పరీక్షకు వచ్చిన పెద్దమనిషి రెండు నివేదికలూ పక్కపక్కన పెట్టి, "నీది ఇరవై రెట్లు నిదానం, ఎందుకమ్మా?" అని అడిగాడట. ఆమె చెప్పినదట. ఆయన వినలేదట. మార్కులలో ఆ తేడా కనబడినది. ఏ కాలేజీ, ఎవరు అన్నది ఇక్కడ అనవసరం. "యంత్రాన్ని ఆపకుండా ఉంటే బాగుండేదా సార్?" అని ఆమె నన్ను అడిగిన ప్రశ్న మాత్రం నాకు నిద్రపట్టనివ్వలేదు. నిజాయితీగా కొలిచినందుకు ఒక విద్యార్థికి నష్టం వాటిల్లితే, ఆ మరుసటి ఏడు ఆ కాలేజీలో నిజాయితీగా కొలిచేది ఎవరు?

ఆ పెద్దమనిషి ఒక్క భాగహారం చేసి ఉంటే సరిపోయేది. 59.15 కోట్ల బైట్లను 0.2తో భాగిస్తే సెకనుకు దాదాపు 296 కోట్ల బైట్లు, అంటే సుమారు 2,950 మెగాబైట్లు. తిరిగే డిస్కు వరుసగా చదివినప్పుడు ఇచ్చేది సాధారణంగా సెకనుకు నూరు నుండి రెండువందల చిల్లర మెగాబైట్లు. సాటా తీగ గరిష్ఠంగా మోయగలిగేదే 600. పళ్ళెం ఇవ్వలేనిది, తీగ మోయలేనిది, 2,950 ఎలా వచ్చినది? డిస్కు నుండి రాలేదు గనుక వచ్చినది. అమ్మాయి లెక్క చూడండి: 4.1 సెకన్లకు సెకనుకు 144 మెగాబైట్లు. ఏ తిరిగే డిస్కు చెప్పినా నమ్మదగిన సంఖ్య. నిదానంగా ఉన్నదే నిజం. వేగంగా ఉన్నది అబద్ధమని అనను, మరొక ప్రశ్నకు సమాధానం.

ఇక్కడ ఎదుటివారి వాదం ఒకటి ఉన్నది, దానిని తేలికగా తీసివేయరాదు. "మాస్టారూ, మేము రోజంతా అదే దస్త్రాన్ని పదేపదే చదువుతాం. మొదటిసారి నాలుగు సెకన్లయితేనేమి, తరువాత వందసార్లూ 0.2 గదా. మాకు పనికివచ్చే అంకె ఏది?" అంటారు. న్యాయమే. పదేపదే చదివే పనిలో జ్ఞాపకపు వేగమే వాళ్ళు అనుభవించే వేగం. అటువంటి పనికి అదే కొలవాలి, అదే ప్రకటించాలి. నేను కాదన్నది కొలతను కాదు, పేరును. 'జ్ఞాపకం నుండి' అని రాయండి, నాకు ఏ పేచీ లేదు. జ్ఞాపకం నుండి వచ్చినదానిని డిస్కు నుండి వచ్చినట్టు రాసి, దానిని చూపి కొత్త డిస్కు కొనిపించడమో, పాత డిస్కు చాలునని ఒప్పించడమో చేస్తే పేచీ. దస్త్రం ర్యామ్ కన్న పెద్దదైన రోజున ఆ తేడా తెలుస్తుంది. 8 గిగాబైట్ల ర్యామ్ ఉన్న యంత్రానికి 40 గిగాబైట్ల తరంగాల నమోదు ఇస్తే కంఠస్థం చేయడానికి కంఠం చాలదు. ప్రతిసారీ కొత్త పేజీయే.

డిస్కులలో కూడా అంతరాలున్నవని చెప్పాలి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్ళానికి ఒక చుట్టు 8.33 మిల్లీసెకన్లు, కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున సగం చుట్టు, 4.17. దానికి ముందు ముల్లు జరిగే కాలం వేరు. నాచారం పారిశ్రామికవాడ నుండి సరుకు ఉప్పల్ చేర్చాలంటే ఒక్క లారీలో నింపి పంపడం ఒక పద్ధతి. ఒక్కొక్క పెట్టెను ఒక మనిషి చేతికిచ్చి బస్సు ఎక్కించడం ఒక పద్ధతి. రెండవదానిలో ప్రయాణం కన్న బస్సు కోసం నిలబడే కాలమే ఎక్కువ. చిన్న చిన్న ముక్కలుగా అక్కడా ఇక్కడా చదివితే తిరిగే డిస్కు పడే పాటు ఇదే. తిరగని ఎస్‌ఎస్‌డీలకు ఆ నిరీక్షణ మిల్లీసెకనులో పదవ వంతుకు దగ్గరగా తగ్గినది. వాటిలో నాలుగవ తరం ఎన్‌వీఎమ్‌ఈ రకాలు వరుసగా చదివితే సెకనుకు 7,000 మెగాబైట్ల దాకా ఇస్తవి. మన 59 కోట్ల బైట్లు అప్పుడు 0.085 సెకన్ల పని. కాబట్టి 0.2 అన్నది ఒక యంత్రం మీద అసాధ్యం, మరొక యంత్రం మీద మామూలు. యంత్రం పేరు చెప్పకుండా కాలం చెప్పడం ఊరు చెప్పకుండా దూరం చెప్పడం. తిరిగే డిస్కు ఒక్కదానిలోనే అంచున ఉన్న దస్త్రం వేగంగా, నడిమికి దగ్గరగా ఉన్నది నిదానంగా వస్తుంది. తిరగలి అంచు, నడిమి ఒకే వేగంతో కదలవు గదా.

ఉప్పల్ స్టేడియంలో క్రికెట్ పోటీ ఉన్న సాయంత్రం హబ్సిగూడ చౌరస్తా నుండి ఉప్పల్ రింగు రోడ్డుకు ఎంతసేపు పడుతుందో మా వైపు వాళ్ళను అడగండి. ఆ ఒక్క రోజు కొలతతో "ఈ రోడ్డు ఇంతే" అనేవాడు లేడు. యంత్రం కూడా అంతే. వెనుక వైరస్ శోధనో, నవీకరణో నడుస్తుంటే డిస్కు మీద రద్దీ. అందుకే ఒక కొలత చాలదు. పదో ఇరవైయో కొలిచి, అన్నింటినీ అచ్చువేసి, మధ్యమాన్ని చెప్పాలి. ఉత్తమమైనది ఒక్కటి ఏరి చూపడం పెళ్ళిచూపులకు పనికివస్తుంది.

అన్నింటిలోకీ నాకు నవ్వు తెప్పించినది 'మెమరీ మ్యాపింగ్' గారడీ. ఆ పద్ధతిలో దస్త్రాన్ని తెరవగానే కంప్యూటరు ఏమీ చదవదు; 'అది ఫలానా చోట ఉన్నది, కావలసినప్పుడు తెస్తాను' అని ఒక చీటీ రాసుకుంటుంది. పద్ధతి మంచిదే. పెద్ద పట్టికలో కొంత భాగమే అవసరమైన పనికి దానిని మించినది లేదు. కాని చీటీ రాసుకున్న కాలాన్ని కొలిచి, "పది గిగాబైట్లు మిల్లీసెకనులో లోడు చేశాం" అని ప్రకటించినవారు ఉన్నారు. గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకుని బీరువాలన్నీ చదివేశానన్నట్టు! దీనికి మందు తేలిక. లోడయిన పట్టికలోని అన్ని గడులనూ కూడమనండి, మొత్తం ముందే తెలిసిన విలువతో సరిపోవాలి. గడియారాన్ని అప్పుడు ఆపండి. కూడడానికి పట్టే కొద్ది కాలాన్ని విడిగా కొలిచి చెప్పవచ్చు. అన్నట్టు, ఆ గడులలో అన్నీ సున్నాలే నింపి పరీక్షించకూడదు. సున్నాల దస్త్రాన్ని కొన్ని దస్త్రవ్యవస్థలు డిస్కు మీద అసలు రాయకుండానే గుర్తుపెట్టుకోగలవు, కొన్ని ఎస్‌ఎస్‌డీలు లోలోపల కుదించి దాచుకునేవి. సున్నాలు చదవడంలో ప్రతిభ ఏమున్నది?

కొలమానాల మాట కూడా ఒకటి. డిస్కు అమ్మేవాడి గిగాబైటు వందకోట్ల బైట్లు. కొన్ని ఉపకరణాలు చూపే గిగాబైటు 107,37,41,824. ఏడు శాతం పైన తేడా. 1956 తూనికలు కొలతల చట్టం రాకముందు ఊరికొక సేరు ఉండేదని మా పెద్దలు చెప్పేవారు.

ఆ అమ్మాయి నివేదికను మళ్ళీ తీసుకుని, మొదటి పుటలోని ఒక వాక్యం నేను రాసి ఇచ్చాను: "గడికి 8 బైట్ల దశాంశ రూపంలో, వరుసల క్రమంలో దాచిన 59,14,89,888 బైట్ల పట్టికను, నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కు నుండి, ప్రతిసారీ యంత్రాన్ని పునఃప్రారంభించిన పిదప, 20 సార్లు చదవగా, మొత్తం సరిచూసేవరకు పట్టిన కాలపు మధ్యమం 4.1 సెకన్లు." పొడుగ్గా ఉన్నదని ఆమె అన్నది. ఉండనీ అన్నాను. మార్కులు మారవని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఉద్యోగానికి వెళ్ళినచోట ఆ నివేదిక చూపించవలసి వస్తుంది గదా.

కాలేజీవారికి నేను ఒక ఉత్తరం రాశాను. ప్రాజెక్టు మూల్యాంకన పత్రంలో ఒక గడి చేర్చమని: 'కొలత డిస్కు నుండియా, జ్ఞాపకం నుండియా?' పత్రాలు మార్చే అధికారం తమకు లేదని, అది విశ్వవిద్యాలయం చేయవలసిన పని అని మర్యాదగా జవాబు ఇచ్చారు. మొన్న సోమవారం ఉత్తరం నకలు విశ్వవిద్యాలయానికి పంపాను. స్పీడ్ పోస్టులో. ఎక్కడి నుండి బయలుదేరినదీ, ఎప్పుడు చేరినదీ రసీదు నంబరు కొడితే తేదీలతో సహా వాళ్ళ పుటలో కనబడుతున్నది.